శనివారం పూజ

“అందరి పేర్లు వచ్చినయక్కా!” స్పీకర్ పెట్టిన ఫోన్‌లో ఆ మాట వినగానే, వరంగల్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి కళ్లు తుడుచుకుంది.

ఆమె ఒక దవాఖాన కంప్యూటర్లు చూసుకుంటుంది. అరగంట ముందు అక్కడి సహోద్యోగి, పరీక్ష కోసం ఎక్కించిన ఉత్తుత్తి పేర్లు తీసేయబోయి, ఏ పేర్లు తీసేయాలో కంప్యూటరుకు చెప్పకుండానే డిలీట్ కొట్టాడు. రోగులందరి పేర్లూ, మందుల వివరాలూ పోయాయి.

ఆమె తిట్టలేదు.

“ఫికర్ చెయ్యకు తమ్ముడూ. జర దాన్ని ముట్టకు. పొద్దుగాలటి బ్యాకప్ వేరే మిషన్ల ఎక్కించు. నువ్వు డిలీట్ కొట్టింది పదీ పన్నెండుకు గదా? లాగ్‌తోని పదీ పదకొండు దాక తీసుకురా.”

పొద్దుటి నకలు మీద, ఆ తర్వాత లాగ్ అనే చిట్టాలో నమోదైనవన్నీ డిలీట్‌కు ముందు నిమిషం దాకా వరుసగా మళ్లీ ఎక్కించడమని నాకు అర్థమైంది.

“నీ శనివారం పూజ ఫలించిందక్కా,” అన్నాడతను చివర్లో. ఆమె నవ్వింది. ప్రతి శనివారం బ్యాకప్‌ను ఖాళీ మిషన్‌లో ఎక్కించి, అన్నీ వస్తున్నాయో లేదో చూసేదట. ఆఫీసులో దానికి పెట్టిన పేరది.

“తెరిచి చూడంది బ్యాకప్ ఎట్లయితది సార్?” అంది నాతో.

విలేకరిగా నేను రాసిన పాత వార్తలన్నీ ఒక డిస్కులో ఉన్నాయి. ఇప్పుడు శనివారాలు దాన్ని తెరుస్తున్నాను.

కంప్యూటర్లు ఆగిన ఆ అరగంటలో వచ్చిన రోగుల వివరాలు దవాఖానలో చీటీల మీద రాసుకున్నారు. వాటిలో ఒకటి, మేడారం నుంచి వచ్చిన ముసలాయనది, ఆమె రైలెక్కే వేళకు కూడా దొరకలేదని ఫోన్‌లో విన్నాను.