కదలని బండి మీద బాబాయి ప్రయాణాలు

మా బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. ఆగి ఉన్న బండెక్కి ప్రయాణాలు చేస్తాడు. స్టాండు వేసిన మోటార్ సైకిల్ మీద కూర్చుని, రెండు చేతులూ హ్యాండిల్ మీద వేసి, కళ్ళు సగం మూసుకుని, ఇంజను చప్పుడైనా లేకుండా కొండలెక్కి దిగి వచ్చేస్తాడు. అందరూ ఊళ్ళు తిరిగొచ్చి కబుర్లు చెబుతారు. కబుర్లకోసం ఊళ్ళు తిరగడం మా బాబాయి దృష్టిలో శుద్ధ దండగ.

ఆ బండి కూడా అందుకు తగినదే. దూరాలు పోవడానికే పుట్టిన భారీ శరీరం. ముందు గాలి కొట్టకుండా పెద్ద అద్దం, పక్కల సామాను పెట్టెలు, వెనక కూర్చునేవాళ్ళు వీపు ఆనించుకోవడానికి మెత్త. ఆ మెత్త మా పిన్నిది. పెళ్ళైనప్పటి నుంచి సెలవు దొరికితే చాలు, ఇద్దరూ దాని మీద మాయమైపోయేవారు. తర్వాత పిన్నికి చెవి లోపల ఏదో తేడా చేసి తల తిరగడం మొదలైంది. ఒకసారి బండెక్కబోతే అది కాస్త పక్కకు ఒరిగింది. పడలేదు, దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి బండి సరికదా, ఆటో కూడా ఎక్కనంది. మెల్లగా వీధి గేటు దాటడమే మానేసింది. బాబాయి ఆగిన బండి మీద ప్రయాణాలు మొదలుపెట్టింది అప్పుడే. జబ్బు చాలా వరకు తగ్గిందని డాక్టరు చెప్పాడు. భయం తగ్గిందని చెప్పేవాళ్ళే లేరు.

ఇంట్లో అందరం ఆ బెంగలో ఉంటే, బాబాయి ఓ పూట భోజనాల దగ్గర తన మోకాళ్ళ సంగతి ఎత్తాడు. సిగ్నల్ దగ్గర అంత బరువు కాళ్ళతో ఆపడం ఇక తన వల్ల కాదని, బండి వెనక చక్రం పీకేసి దాని స్థానంలో రెండు చక్రాలు వేస్తున్నానని చెప్పాడు.

"మోకాళ్ళు నొప్పెడితే ఎవరైనా నూనె రాసుకుంటారు. చక్రాలు వేయించుకోరు" అంది పిన్ని.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను వాళ్ళ పక్క వాటాలోనే ఉంటాను. పిన్ని గుమ్మం దాటలేక కూర్చుంటే ఈయనకి ఇనుముతో ఆటలేమిటని అందరికీ చెప్పుకుని తిరిగాను. బాబాయి చెవిన కూడా వేశాను. ఆయన ఆ సమయంలో ఏదో సముద్రం పక్కన పోతున్నాడట, అలల హోరులో సరిగ్గా వినపడలేదన్నాడు.

పెరట్లో రేకుల షెడ్డు ఖాళీ చేసి పని మొదలుపెట్టాడు. ఓ పాత చిన్న కారు వెనక ఇరుసు ఎక్కడినుంచో మోయించుకొచ్చాడు. పిన్ని జల్లెడలోకి బేరింగులు చేరాయి. బట్టలు నానబెట్టే బకెట్లో గొలుసు నానింది. సెలవు రోజుల్లో వెల్డరు వచ్చేవాడు. ఇరుసు వంకర లేకుండా కూర్చోవాలంటే ముందు చక్రం నుంచి వెనక్కి దారం కట్టి చూసుకోవాలి. బాబాయి ఆ దారం ఓ కొస పట్టుకుని సూటిగా చూస్తూ చూస్తూ, అది దారమన్న సంగతి మరిచిపోయి, దాని వెంట ఎటో వెళ్ళిపోయేవాడు. వెల్డరు రెండో కొస పట్టుకుని, ఆయన తిరిగొచ్చేదాకా ఓపిగ్గా నిలబడేవాడు.

టీ ఇవ్వడానికి నేను వెళ్తే, ఎక్కడున్నారని అడగడం అలవాటైపోయింది. సొరంగంలో ఉన్నాననేవాడు. మంచు పడుతోంది, లైట్లు వేసుకున్నాననేవాడు. ఒకసారి మాత్రం చాలా కోపంగా ఉన్నాడు. అడిగితే, గొర్రెల మంద రోడ్డుకి అడ్డంగా వచ్చిందట. అది దాటిపోయేదాకా టీ ముట్టుకోలేదు.

బండి కదిలే స్థితికి వచ్చాక వెనక సందులో నడిపి చూశాడు. అక్కడ పరువు పోయింది. రెండు చక్రాల బండి మలుపులో ఒరుగుతుంది, దానితోపాటు మనిషీ వంగుతాడు. మూడు చక్రాలది ఒరగదు, హ్యాండిల్ తిప్పితేనే తిరుగుతుంది. జన్మంతా వంగి నడిపిన మనిషి, మలుపు రాగానే అలవాటుగా అందంగా వంగాడు. బండి మాత్రం తిన్నగా పోయి పక్కింటావిడ ఆరేసిన దుప్పట్లలో దూరింది. లోపల్నుంచి, ఏమీ కాలేదు, మబ్బులు దిగాయంతే అన్న మాట వినిపించింది. కిటికీలోంచి చూస్తున్న పిన్ని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో.

ఆ మర్నాడు బాబాయి దిగాలు మొహంతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వంగకుండా ఉండటం నా వల్ల కావడం లేదోయ్. నువ్వు వెనక కూర్చుని, నేను వంగినప్పుడల్లా వీపు మీద ఒకటి వెయ్యి. బండి కదలదు. చక్రాల కింద ఇటుకలున్నాయి."

పిన్ని షెడ్డులోకి వెళ్ళి ఇటుకలు కాలితో తన్ని చూసుకుంది. చేత్తో ఊపి చూసింది. బండి ఒరగలేదు. అప్పుడు ఎక్కి కూర్చుని, మెత్తకి వీపు ఆనించింది.

అక్కణ్ణుంచి రోజూ సాయంత్రం ఇద్దరి ప్రయాణమే. ఆయన దారి చెప్పేవాడు, మలుపు వచ్చిందనేవాడు, వంగేవాడు. ఆవిడ వీపు మీద వేసేది. కొన్నాళ్ళకి పిన్ని సొంతంగా అభ్యంతరాలు చెప్పడం మొదలుపెట్టింది. ఘాట్ రోడ్డు వద్దు, చెరువు గట్టు మీదుగా పోనివ్వండి అనేది. ఎండ తగ్గాక బయల్దేరాల్సిందనేది. నేను టీ తీసుకెళ్తే ఇద్దరూ కళ్ళు మూసుకుని ఏదో తోటల మధ్య పోతుండేవారు. పలకరించడానికి మనసొప్పేది కాదు. టీ అక్కడే పెట్టి వచ్చేసేదాన్ని.

అయినా బండి ఎన్నటికీ పూర్తి కాదే. ఏ సెలవు రోజు చూసినా వెల్డరూ బాబాయీ ఆ ఇరుసు కిందే పడుకుని ఉంటారు. ఓ రోజు వెల్డర్ని సందులో ఆపి, ఇంత చేతకాని పనేమిటని నిలదీశాను.

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పని ఎప్పుడో అయిపోయిందమ్మా. ఇరుసు నట్లు నేను బిగించి వెళ్తాను, ఆయన వదులు చేసుకుంటారు. మళ్ళీ నన్ను పిలుస్తారు. అదేమిటని నేనడగలేదు."

నేను అడిగాను. బాబాయి అప్పుడు ఏ ఊళ్ళోనూ లేడు, షెడ్డులోనే ఉన్నాడు.

"పూర్తయిందని తెలిసిన రోజున మీ పిన్నిని అందరూ ఒకటే అడుగుతారు, ఎక్కుతావా ఎక్కవా అని. ఎక్కనంటే తను మళ్ళీ గదిలోకి పోతుంది. ఎవరూ అడక్కుండా ఉండాలంటే, పని మిగిలి ఉండాలి కదమ్మా."

మరి మోకాళ్ళో అన్నాను. మోకాళ్ళకేం, రాళ్ళలా ఉన్నాయన్నాడు. ఇన్నాళ్ళూ ఈయన్ని పిచ్చిమారాజు అనుకున్నాం. ఆయన వెళ్ళిన ఊళ్ళన్నీ పిన్ని దగ్గరికి వెళ్ళే దారులేనని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాతి సెలవు రోజు నేను వెళ్ళేసరికి షెడ్డులో నిప్పురవ్వలు లేస్తున్నాయి. బాబాయి ఇంకా స్నానాల గదిలో ఉన్నాడు. వెల్డరు ముసుగు వేసుకుని ఇరుసు కింద పడుకున్నాడు. పక్కన పిన్ని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి పని చేయిస్తోంది. నట్లన్నిటికీ వెల్డింగు టాకా వేయించేస్తోంది, ఇక జన్మలో ఊడకుండా. రేపు విప్పాల్సి వస్తే కోయాలమ్మా అని వెల్డరు మొత్తుకుంటున్నాడు.

"కొయ్యొచ్చులే. ముందు ఈయన చేతికి అందకుండా చెయ్యి" అంది పిన్ని.

బాబాయి తల తుడుచుకుంటూ వచ్చి, స్పానరు తీసుకుని కిందికి వంగి చూశాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచేసరికి పిన్ని చక్రాల కింది ఇటుకలు తీయించేసి వెనక సీట్లో కూర్చుని ఉంది. చేతులు మాత్రం మెత్త అంచుల్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఎక్కడికి?" అన్నాడు బాబాయి. ప్రపంచమంతా తిరిగిన మనిషి స్పానరు పక్కన పెట్టి బండెక్కాడు.

"వీధి చివరిదాకా పదండి. తర్వాతిది తర్వాత చెప్తాను."

గేటు తీశాను. కూరల సంచీతో నడుస్తున్న పక్కింటావిడ వాళ్ళని దాటుకుని ముందుకు వెళ్ళిపోయింది, అంత వేగంగా పోయింది ఆ బండి. వీధి చివర ఆగింది. నేను గేటు పట్టుకుని చూస్తున్నాను. వెనక్కి తిప్పుతారేమో అనుకున్నాను. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. కుడివైపు లైటు వెలిగి ఆరుతూ వచ్చింది, బండి మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

పొద్దు వాలుతుండగా పిన్ని ఫోను చేసింది. వెనక గాలి హోరు. ఎక్కడున్నారంటే ఊరు దాటి చాలాసేపైందట. మీ బాబాయికి నిజం రోడ్లు ఒక్కటీ గుర్తులేవే, ప్రతి కూడలిలోనూ నేనే చెప్పాల్సి వస్తోంది అని ఫిర్యాదు చేసింది. తల తిరగడం లేదా పిన్నీ అని అడిగాను.

"తిరుగుతోంది, కొంచెం. మెల్లగా పొమ్మన్నాను. ఆపమనలేదు" అని ఫోను పెట్టేసింది.