భీమిలిలో టీవీ మాస్టారి హోటల్, మా అమ్మ వేడి అన్నం

మా అమ్మ వేడి అన్నం తినగా నేనెప్పుడూ చూడలేదు. నమ్మకపోతే మల్కాపురంలో మా ఇంటికి రండి. పొయ్యి దగ్గర చెమటలు కారుతూ వండుతుంది, నాన్నకీ నాకూ పొగలు వచ్చే అన్నం వడ్డిస్తుంది, మేం చేతులు కడుక్కున్నాక గిన్నెల అడుగున చల్లారింది కలుపుకుని తింటుంది. మొన్న ఆపరేషన్ అయి మంచంలో ఉన్నప్పుడూ ఇదే వరస. నేను వండి పళ్లెం పట్టుకెళితే, "మీ నాన్న తిన్నాడేటి?" అని అడిగి పక్కన పెట్టించేది. ఆ పళ్లెం చల్లారిపోతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఒక్కసారైనా ఈవిడ చేత వేడిగా తినిపించాలని అప్పుడే పంతం పట్టాను.

అలాంటి మనిషికి టీవీలో మధ్యాహ్నం వంటలు చేసే మాస్టారంటే ప్రాణం. ఆయన వంట మీద గౌరవంతో కాదు; "అంత నూనేటి?" అని వంకలు పెడుతూనే ఉంటుంది. ఆవిడ చూసేది ఆఖరి నిమిషం కోసం. కూర దించగానే ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపాగి తల నెమ్మదిగా ఊపుతాడు. "సూసినావా, ఒండినోడే ముందు తింతన్నాడు!" అని అమ్మ రోజూ కొత్తగా ఆశ్చర్యపోతుంది. ఇంత ఇష్టమని ఆయన వంటల పుస్తకం కొనిచ్చాను. నాచేత చదివించుకుంది. ప్రతి వంటా "వేడివేడిగా వడ్డించండి" అనే ముగుస్తుంది. "ఒడ్డించడం నాకు తెల్దేటి? తినమని ఎక్కడా రాయలేదేటే?" అని పుస్తకం మూసి టీవీ మీద పెట్టేసింది.

ఆ మాస్టారు భీమిలిలో హోటల్ పెట్టారని తెలియగానే ఈ ఆదివారం ముగ్గురం బయల్దేరాం. మల్కాపురం నుంచి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండుకి సిటీ బస్సులో ముప్పావుగంట పట్టింది. అక్కణ్ణుంచి భీమిలికి రెండు దారులున్నాయి. తగరపువలస మీదుగా వెళ్తే రోడ్డు వెడల్పే గాని చూడ్డానికేం ఉండదు. బీచ్ రోడ్డు బస్సెక్కి కుడివైపు కిటికీ పట్టుకోండి, దారంతా సముద్రం మీతోనే వస్తుంది. మా అమ్మ మాత్రం రుషికొండ దాటేదాకా సముద్రం వైపు చూడలేదు, గ్యాస్ కట్టేశానా లేదా అని ఒకటే గొడవ. భీమిలి బస్టాండులో ఆటోకి ఇరవై రూపాయలు అడిగారు, ఇచ్చేశాం.

"టీవీ ఆయన హోటలుకేనా బావా?" అన్నాడు ఆటో అతను నాన్నతో. "ఆయనుండడు మరి. ఫోటో ఉంటాది."

"ఫోటోకేం, ఇంట్లో కదిలే బొమ్మే ఉంది," అంది అమ్మ. అయినా మొహం కొంచెం చిన్నబోయింది.

ఒంటిగంటకి చేరాం. హోటల్ చిన్నదే, శుభ్రంగా ఉంది, ముగ్గురికి మూడొందల్లో భోజనం అయిపోతుంది. నేను ముందే వేసుకున్న పథకం ప్రకారం కొబ్బరిపాల రొయ్యల కూరా, అన్నం ఒక్క పళ్లెమే తెప్పించి అమ్మ ముందు పెట్టించాను. "నువ్వు తిన్నాకే మేం ఆర్డరు చెబుతాం," అన్నాను. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేనూ బిగుసుకుని కూర్చున్నాను. పళ్లెం మీద ఆవిరి తగ్గిపోతోంది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం. నాన్నకి షుగరు, వేళకి తినకపోతే చేతులు వణుకుతాయి. ఆ సంగతి అమ్మకి తెలుసు. పళ్లెం మెల్లగా ఆయన వైపు జరిపింది. నేను ఓడిపోయాను.

నాకూ ఒక పళ్లెం తెప్పించుకున్నాను. కూర బాగుందో లేదో తెలీదు, కోపంతో తిన్నాను. మేం తింటుండగా అమ్మ వెయిటర్ని పిలిచింది.

"బాబూ, ఇది ఒండిందెవుడు?"

"అప్పలరాజన్నయ్యమ్మా."

"ఆడు తిన్నాడేటి?"

"ఇప్పుడే ఎక్కడమ్మా! అందరూ ఎల్లిపోయాక, మూడున్నరకి తింతారు."

అమ్మ గోడమీది ఫోటో వైపు తిరిగింది. "టీవీలో ముందు నువ్వు తింతావు, నీ హోటల్లో మాత్రం ఇంతేనా?" అంది. తర్వాత నాతో, "నాను ఆ ఒండినోళ్లతోనే తింతాను," అంది.

ఇంత దూరం తీసుకొచ్చింది మళ్లీ ఆఖర్న తినడానికా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాన్న మాత్రం "పోనీలేవే" అని కుర్చీలోనే కునుకు తీశాడు. మూడున్నరకి జనం పలచబడ్డాక అమ్మ తిన్నగా వంటింట్లోకి నడిచింది, నేను గుమ్మంలో ఆగిపోయాను. లోపల అప్పలరాజు, భుజాన తువ్వాలుతో యాభై ఏళ్ల మనిషి, తమకోసం వేరే వండుకున్న అన్నం అప్పుడే వారుస్తున్నాడు. పక్కన ఎండు నెత్తళ్ల చేపలు వేసిన వంకాయ కూర కుతకుతమంటోంది.

"ఏటప్పా?" అన్నాడు. మావైపు అక్కని అలాగే పిలుస్తారు.

"నానూ ఒండేదాన్నే. మీతో తిందామని."

అతను పీట వేసి, కుండలోంచి నేరుగా పళ్లెంలోకి పెట్టాడు. "కూకో అప్పా. కాల్తాది, సూసుకో."

"నువ్వు కూకోకపోతే నాను తిన్ను."

అతనూ కూర్చున్నాడు. అమ్మ అన్నంలో చెయ్యి పెట్టి, వేళ్లు కాలి చటుక్కున తీసేసింది. జీవితమంతా అన్నం వండిన మనిషికి వేడన్నం కలపడం అలవాటు లేదు! ఊదుకుంటూ కలిపింది, ముద్ద నోట్లో పెట్టుకుంది, కళ్లు మూసుకుంది. కాసేపాగి తల నెమ్మదిగా ఊపింది, అచ్చం టీవీలో మాస్టారిలాగే. అప్పలరాజు సిగ్గుపడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని సముద్రాన్ని తనివితీరా చూసింది. నేనేమో ఆవిణ్ణి చుట్టంలా కూర్చోబెట్టి మర్యాదలు చెయ్యాలనుకున్నాను. ఆవిడకి కావలసింది తనలాంటి మనిషి పక్కన ఒక పీట. ఇన్నేళ్లూ వంటింట్లో ఆవిడ ఒక్కతే ఉందని నాకు తట్టనే లేదు. మీరూ వెళ్తే సాయంత్రం అయిదు దాటకుండా భీమిలి బస్టాండుకి వచ్చేయండి, ఆదివారాలు ఆ తర్వాత బీచ్ రోడ్డు బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. ఇంటికొచ్చిన మర్నాడు నేనూ పొయ్యి దగ్గర నిలబడి ఒక కూర వండాను. కుండ దించగానే ఇద్దరం అక్కడే, వంటింట్లోనే, రెండు పీటలు వేసుకున్నాం. హాల్లోంచి నాన్న, "ఏటి, ఇంకా అవలేదేటి?" అని కేకేశాడు.

అమ్మ ముద్ద ఊదుకుంటూ, "ఒండినోళ్లు తింతన్నారు, ఉండండి," అంది.