ఎర్రనల్లిని వేటాడిన నల్లి

మొయినాబాద్‌లో చేవెళ్ల వైపు వెళ్లే రోడ్డు మీద మాది పురుగుమందుల దుకాణం. మా నాన్న పెట్టింది. ఆయన తర్వాత గల్లా దగ్గర నేను కూర్చుంటున్నాను. రైతు వచ్చి చెట్టుకు ఏమైందో చెబుతాడు, నేను అలమరలోంచి ఒక డబ్బా తీసి ఇస్తాను. ఆ డబ్బాలోది చెట్టు మీద పడ్డాక ఏం జరుగుతుందో వెళ్లి చూసిన పాపాన మాత్రం పోలేదు.

ఎంకపల్లిలో ఒక అవ్వకు ఎకరం నిమ్మతోట ఉంది. భర్త పోయాక తోటంతా ఆమే చూసుకుంటోంది. ఒక ఏడాది చలికాలం చివర లేత ఆకుల్లో సొరంగాలు తొలిచే పురుగు పడిందని వస్తే, నా దగ్గరున్న వాటిలో ఘాటైన మందే ఇచ్చాను. పదిహేను రోజులాగి ఇంకోసారి కొట్టించమన్నాను. కొట్టించింది. ఎండలు ముదిరాక ఒక పొద్దున రెండు కవర్లు పట్టుకొని దుకాణానికి వచ్చింది.

"సేటు, నువ్విచ్చిన మందుకు పురుగు పోయింది గని చెట్లన్నీ తెల్లబడ్డయ్. జర చూడు."

మొదటి కవరులోని ఆకులు బూడిద చల్లినట్టున్నాయి. వెనక్కి తిప్పితే సన్నని ఎర్ర చుక్కలు. చూడగానే తెలిసిపోయింది.

"ఎర్రనల్లి అవ్వా. ఆకు రసం పీలుస్తది. దీనికి వేరే మందున్నది," అంటూ లేచాను.

"ఆగు. గీ రెండో కవరు గూడ చూడు."

అందులోని ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

"ఇవి ఎవరి తోటలయి?"

"నా తోటలయే. బాయికాడి ఆరు చెట్లయి. బర్రె నీళ్లు తాగే తొట్టి ఆడనే ఉన్నదని వాటికి మందు కొట్టియ్యలే. రెండుసార్లు కొట్టిచ్చిన చెట్లు గిట్లయినయ్. ఒక్కసారి గూడ కొట్టియ్యనియి మంచిగున్నయ్. గిదెట్ల? నువ్వే చెప్పు."

నాకు నిజం చెప్పాలంటే కోపమే వచ్చింది, ఆమె నన్ను నలుగురిలో నిలదీసినట్టు. పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లి, కంటికి పెట్టుకునే అద్దం అడిగి తెచ్చాను. మెట్ల మీద ఎండలో కూర్చుని ముందు తెల్లబడ్డ ఆకు చూశాను. ఎర్రటి నల్లులు గుంపులు గుంపులుగా మేస్తున్నాయి. వాటి మధ్య గుండ్రటి ఎర్ర గుడ్లు. ఇన్నేళ్లుగా నేను చుక్కలనుకున్నవన్నీ కాళ్లున్న ప్రాణులు.

తర్వాత పచ్చటి ఆకు. మొదట ఏమీ కనబడలేదు. ఈనె పక్కన రెండు మూడు ఎర్రనల్లులు, కొన్ని ఖాళీ తోళ్లు. అంతలో ఈనె మూలలోంచి ఒకటి పరుగెత్తుకుంటూ వచ్చింది. నీటిచుక్క ఆకారం, నూనె రాసినట్టు మెరుపు. ఒళ్లు గాజులా ఉంది, లోపలి నుంచి వెలుతురు కనబడుతోంది. ముందు కాళ్లతో తడుముకుంటూ ఆకంతా చుట్టి, ఒక ఎర్రనల్లికి తగలగానే దాన్ని గట్టిగా పట్టేసుకుంది. అది గింజుకుంది, తర్వాత ఆగిపోయింది. నేను చూస్తుండగానే ఆ గాజు ఒంట్లోకి ఎరుపు పాకడం మొదలైంది. ఎంతసేపు చూశానో తెలియదు. ఎవరో వచ్చి యూరియా అడిగితే వినిపించలేదట, అవ్వే తర్వాత చెప్పింది.

అద్దం ఆమెకిచ్చాను. కళ్లకు ఆపరేషన్ అయినా బాగానే చూసింది.

"అమ్మో, ఉరుకుతున్నదే! ఎలుక ఎంబడి పిల్లి పడ్డట్టు!" అంది.

ఎప్పుడో దుకాణదారులకు శిక్షణ ఇచ్చిన వ్యవసాయ కాలేజీ మేడం నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ చేసి చూసినదంతా చెప్పాను.

"అదీ నల్లే అండీ. నల్లిని తినే నల్లి," అన్నారు ఆమె. "మీ మందు కొడితే మొదట చచ్చిపోయింది అదే. ఎర్రనల్లి గుడ్లు మిగిలిపోయాయి. తినేది లేకపోతే అవి పెరగవా మరి?"

ఏం చేయాలని అడిగాను. ఏ మందూ కొట్టొద్దన్నారు. ఆకుల మీది దుమ్ము నీళ్లతో కడగమన్నారు, దుమ్ము పడితే ఎర్రనల్లి రెచ్చిపోతుందట. మంచి చెట్ల నుంచి చిన్న కొమ్మలు కోసి తెల్లబడ్డ చెట్లకు కట్టమన్నారు. కోసిన ఆకులు వాడిపోయేలోపు వేట నల్లులు కొత్త చెట్టు మీదకు నడిచిపోతాయట.

మందులమ్మే మనిషిని, మందు వద్దని చెప్పడానికి నోరు రాలేదు. తోట పోతే అవ్వకు నేనేం సమాధానం చెప్పాలి? మేడం చెప్పిందంతా అవ్వకు వినిపించి, ఆ మాటే అన్నాను.

"ఫికర్ జెయ్యకు. నువ్వు చెప్పినట్టు రెండుసార్లు జేస్తి గద, మూడోసారి గూడ జేస్త," అంది అవ్వ.

ఆదివారం దుకాణం మూసి ఎంకపల్లి వెళ్లాను. ఫామ్‌హౌసులకు ఇసుక మోసే టిప్పర్లు తోట పక్కనుంచే వెళ్తాయి. ఆ వైపు వరుస మరీ అధ్వానంగా ఉంది. నేను పైపు పట్టి ఆకులు కడిగాను. అవ్వ బావి దగ్గరి చెట్ల కొమ్మలు కోసి, పసిపిల్లను ఎత్తుకున్నంత పదిలంగా తెచ్చి దారంతో కట్టింది. మధ్యాహ్నానికి నా చేతులన్నీ ముళ్ల గీతలే.

మొదటి వారం ఏ మార్పూ లేదు. రెండో వారం ఇంకా ఆకులు రాలాయి. ఆ రోజుల్లో ఆమె దుకాణం ముందు కనబడుతుందేమోనని భయపడ్డాను కూడా. మూడో వారం నేనే వెళ్లి, రోడ్డు పక్క చెట్టు ఆకు తిప్పి అద్దం పెట్టాను. ఎర్రనల్లులు పలచబడ్డాయి. వాటి మధ్య ఒక వేట నల్లి, ఇంకో ఆకు మీద రెండు, కడుపులు ఎర్రగా చేసుకొని తిరుగుతున్నాయి. వాటి పక్కన పాలలా తెల్లగా, కోడిగుడ్డు ఆకారంలో ఒక చిన్న గుడ్డు. అవి అక్కడే కాపురం పెట్టాయన్నమాట! ఆ చెట్టు కింద ఒక్కణ్నే నిలబడి నవ్వాను.

అన్ని చెట్లూ బాగుపడలేదు. రోడ్డు పక్కన మూడు ఎండిపోయాయి. ఆ కాపు సగం రాలిపోయింది. వానలకు వచ్చిన చిగురు మాత్రం పచ్చగా నిలిచింది. పూత కూడా వచ్చింది.

దుకాణం ఇప్పటికీ నడుపుతున్నాను, మందులూ అమ్ముతున్నాను. కానీ ఆకు చూపించనిదే డబ్బా తీయను. గండిపేట నుంచి కారులో వచ్చిన ఒకాయన ఫోన్‌లో ఫొటో చూపించి గట్టి మందు కావాలన్నాడు. ఆకు తెమ్మంటే విసుక్కుని ఇంకో మందుల దుకాణానికి వెళ్లిపోయాడు.

మొన్న వాన వెలిశాక అవ్వ తోటకు వెళ్తే, గట్టు మీద నన్ను కూర్చోబెట్టి నిమ్మకాయ నీళ్లిచ్చింది. తలెత్తి కొమ్మల్లోకి చూస్తూ అంది:

"ముప్పై ఏండ్లు గీ చెట్ల కిందనే పండుకున్న సేటు. నెత్తిమీద గింత నడుస్తున్నదని ఎన్నడు ఎరుకలే."

"నాకు గూడ ఎరుకలే అవ్వా," అన్నాను.