ఒకే తెర, రెండు యంత్రాలు, మా మేనత్త పేరు

పోయిన వారం మధ్యాహ్నం భోజనమయ్యాక, పింఛను తాలూకు కాగితం ఒకటి పైవాళ్లకు పంపుదామని కంప్యూటరు ముందు కూర్చుంటే, గంట గడిచినా కాగితం ఎక్కలేదు సరికదా, నాకు రక్తపోటు ఎక్కింది. విశాఖపట్నంలో ఉంటున్న మా అమ్మాయికి ఫోను చేశాను. "నాన్నా, నువ్వు చేతులు తీసీ, ఇక్కడినుంచి నేను చూసుకుంటాను" అంది. బుద్ధిగా చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. అనకాపల్లిలో నా బల్ల మీది తెరపై బాణం గుర్తు తనంతట తనే లేచి, నేను గంటనుంచి వెతుకుతున్న బొత్తాన్ని పెరట్లో నిమ్మకాయ కోసినంత తేలిగ్గా నొక్కేసింది. పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న మా ఆవిడ ఒక చూపు చూసి, "జాగర్తండోయ్, ఈసారి ఎవర్ని చెరిపేత్తారో!" అంది.

చూశారా, ఇరవై ఏళ్లయినా ఆ మాట పోలేదు. ఒక యంత్రం దగ్గర కూర్చుని ఇంకో యంత్రాన్ని ఆడించే విద్య మా ఇంట్లో అంత ముందే అడుగుపెట్టింది. ఆ పెట్టిన అడుగు తిన్నగా నా నెత్తి మీదే పెట్టింది.

అప్పట్లో నేను ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టును. మా తరంవాళ్లకు చెప్పక్కర్లేదు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు మాలో సగంమందికి జ్వరాలొచ్చాయి. నాకు మాత్రం ధైర్యం ఎక్కువ, అంటే తెలియనితనం ఎక్కువ. ఆఫీసులో పాత సామాను వేలం వేస్తే ఒక కంప్యూటరు పాడుకుని రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చాను. తీరా చూస్తే దానికి మానిటరు లేదు, పెట్టె మాత్రమే. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి "తల లేని మొండేన్ని తెచ్చేరేటండీ" అంది. అయితే ఆ మొండెంలో తెలుగు టైపు చేసుకునే ఏర్పాటుంది. వెనకాల తగిలించిన, ఇంకే యంత్రానికీ పట్టని బొటనవేలంత తాళంబిళ్ల ఉంటేనే అది పనిచేస్తుంది కనుక, ఆ తెలుగును ఇంకో యంత్రంలోకి మార్చడానికి లేదు. మా అమ్మాయి చదువుకోసం కొన్న కొత్త కంప్యూటరుకు తల ఉంది, తెలుగు లేదు. రాహుకేతువుల సంసారం అన్నమాట.

మొదట్లో ఉన్న ఒక్క మానిటరు తీగనూ దీని వెనకనుంచి పీకి దానికి, దాని వెనకనుంచి పీకి దీనికి తగిలించేవాణ్ని. ప్రతిసారీ బల్ల కిందికి దూరాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గాని, ఇమడనిది కత్తులు కాదు, మధ్యలో నా నడుము. నా మూలుగులు విని విసుగెత్తి మా అమ్మాయే ఒకనాడు రెండు పెట్టెలకూ కలిపి ఒక తీగ వేసి, తన స్నేహితురాలి దగ్గర తెచ్చిన ఏదో ప్రోగ్రాం ఎక్కించింది. ఇక కొత్తదాని ముందే కూర్చుని ఒక గుర్తు మీద నొక్కితే పాతదాని తెర మొత్తం ఎదురుగా పరుచుకునేది. రెండు మీటలు కలిపి నొక్కితే మళ్లీ కొత్తది వచ్చేది. మీట నొక్కిన కాసేపటికి గాని అక్షరం పడేది కాదు, మా ఆఫీసులో ఫైలు కదిలినట్టు. అయినా ఆ సాయంత్రం వీధిలోవాళ్లందరినీ పిలిచి చూపించాను. తీగ వేసింది అమ్మాయి అనే సంగతి చెప్పడం మాత్రం హడావిడిలో మర్చిపోయాను.

ఏ యంత్రంలో ఉన్నామో పొరబడకుండా పాతదాని తెరకు ఆకుపచ్చ రంగు, కొత్తదానికి నీలం రంగు పెట్టుకున్నాం. దసరా వచ్చేదాకా అంతా సవ్యంగానే నడిచింది. ఆయుధపూజ నాడు మా ఆవిడ కత్తిపీట, కుట్టుమిషను, నా సైకిలుతోబాటు రెండు కంప్యూటర్లకూ పసుపూ కుంకుమా పెట్టి, తెర మీద నూకాలమ్మ తల్లి బొమ్మ పెట్టమంది. కొత్తదానికి పెట్టి ఊరుకోబోయాను. "ఒకదానికి పెట్టి ఒకదానికి మానేత్తే ఎలాగండీ, రెండోది మనింటిది కాదేటి" అంది. న్యాయంగానే తోచింది. రెండింటికీ ఒకే బొమ్మ పెట్టేశాం. అప్పటినుంచి ఎటు తిప్పినా అదే అమ్మవారు, అదే చల్లని చూపు. ఏ ఇంట్లో ఉన్నామో అమ్మవారికి తెలియాలి గాని నాకు తెలిసేది కాదు.

ఆ కార్తీకంలోనే మా అమ్మాయి పెళ్లి కుదిరింది. మన వైపు శుభలేఖ అంటే తపాలాలో వేసేది కాదు కదా. మొగుడూ పెళ్లాం కలిసి గడపలోకి వెళ్లి, బొట్టు పెట్టి, పేరుపేరునా పిలవాలి. ఒక్క గడప తప్పిందా, ఆ తప్పు ముని మనవల దాకా చెప్పుకుంటారు. అందుకని ఊళ్లవారీగా చుట్టాల జాబితా తయారుచేయడం మొదలుపెట్టాం. మా ఆవిడ సిగరెట్టు పెట్టె అట్టల మీదా, క్యాలెండరు వెనకాలా రాసినవన్నీ నేను పాతదాంట్లో తెలుగులో టైపు చేశాను. అన్నిటికంటే పైన, ఒకటో నంబరు మా మేనత్తది. నాన్న చెల్లెలు, రోలుగుంటలో కాపురం. హైస్కూలు చదువు మూడేళ్లూ నేను వాళ్లింట్లోనే తిని చదువుకున్నాను; తన పిల్లలకంటే ముందు నా కంచంలో పెరుగు పడేది. టైపవగానే ఆ అట్టముక్కలన్నీ నీళ్లపొయ్యిలో వేసి, ఇంక కాగితాలతో పనేమిటని స్నానానికి వేణ్ణీళ్లు కాచుకున్నాను. వేడి బాగానే తగిలింది. కొంచెం ఆలస్యంగా తగిలింది.

ఎందుకంటే, పాతది ఎప్పుడు చతికిలబడుతుందోనని జాబితాను కొత్తదాంట్లోకి కూడా పంపించి, ఆ తర్వాత గుర్తొచ్చిన పేర్లు దాంట్లోనే ఇంగ్లీషు అక్షరాలతో కలుపుతూ వచ్చాం. రెండు చోట్లా రెండు జాబితాలుంటే, పొరపాటున పాతది అచ్చు తీసి ఎవరినో పిలవడం మానేస్తామన్న భయం పట్టుకుంది నాకు. ఒక ఆదివారం పొద్దున్న, ఎవరూ తప్పిపోకూడదన్న సదుద్దేశంతోనే, పాతదాంట్లోది తీసేద్దామని కూర్చున్నాను. మామూలుగా తీసేస్తే అది తెర మీది చెత్తబుట్టలో పడుతుంది. పెళ్లికి పిలిచే ముత్తయిదువల పేర్లు చెత్తబుట్టలో ఉండటమేమిటి, అశుభం అనిపించి, బుట్టలో పడకుండా పూర్తిగా పోయే మీటలు కలిపి నొక్కాను. పోయింది. తృప్తిగా ఇటు తిప్పి చూస్తే ఇక్కడ కూడా అమ్మవారు, ఇక్కడ కూడా అదే పేరుతో జాబితా. ఓహో, తెర ఇంకా తిరగలేదు, జాబితా పోనూ లేదు, పాతది కదా, నెమ్మది మీద ఉంటుందనుకుని మళ్లీ నొక్కాను. అప్పుడు నిజంగానే పోయింది. మొదటిసారి చెరిపింది కొత్తదాంట్లోదని ఎరుకయ్యేసరికి అమ్మవారు రెండు తెరల్లోనూ ఒకేలా చూస్తోంది.

మా అమ్మాయి ఆ రోజంతా తంటాలుపడి, నావల్ల కాదు నాన్నా అని లేచిపోయింది. మా చెల్లెలి మొగుడు, కె. కోటపాడులో చెరుకు రైతు, కబురు విని ఓదార్చడానికి వచ్చాడు. సంగతంతా విని తలగుడ్డ తీసి దులిపి, "బావా, ఓటర్ల లిస్టులోంచి కూడా ఎవుడూ ఇంత సుబ్బరంగా లేపీలేదు గదా!" అన్నాడు. అన్నాడు గాని, మనిషి గట్టివాడు. కళ్లు మూసుకుని వాళ్ల ఊరినుంచి బస్సు ఎక్కినట్టు, ఏ ఊళ్లో బస్సు ఆగితే ఆ ఊళ్లో మన గడపలేవో చెప్పుకుంటూ పోయాడు. మా ఆవిడ పద్ధతి వేరు. ఎవరి పెళ్లిలో ఎవరెవరు వడ్డించారో, ఎవరు అలిగారో తలచుకుంటూ పేర్లు తీసింది. రెండు రోజుల్లో జాబితా మళ్లీ లేచి నిలబడింది, మునుపటికంటే నాలుగు గడపలు ఎక్కువే. ఈసారి కాగితం మీద. చూశారా, యంత్రం మర్చిపోయినా మనం మర్చిపోలేదు అని నేనే అందరికీ ధైర్యం చెప్పాను. పది రోజులు తిరిగి అన్ని గడపలూ ఎక్కి పిలిచి వచ్చాం.

పసుపు కొట్టే రోజు పొద్దున్న రోట్లో పసుపుకొమ్ములు పోసి, రోకలికి మామిడాకు కట్టి ముత్తయిదువలంతా నిలబడ్డారు. మా ఇంట ఏ పెళ్లికైనా ముందు రోకలి పట్టేది మేనత్తే. మా చెల్లెలు చుట్టూ చూసి, "అన్నియ్యా, అత్త ఏదీ? ముందు రోకలెవులు పడతారు?" అంది.

నేను మా ఆవిడ వంక చూశాను. మా ఆవిడ నా వంక చూసింది. మా బావ తలగుడ్డ సర్దుకుంటూ పెరటి వైపు చూశాడు. మీ అత్త కదా, మీరు రాయించే ఉంటారనుకుంది ఆవిడ. రక్తసంబంధం కదా, అది అడగాలా అనుకున్నాడు బావ. ఒకటో నంబరు ఎక్కడికి పోతుంది అనుకున్నాను నేను. దూరపు చుట్టాలనందరినీ కష్టపడి గుర్తు చేసుకున్నాం. దగ్గరిమనిషిని ఎవరమూ గుర్తు చేసుకోలేదు. రోకలి గోడకు చేరేసి, సాయంత్రం దీపాల వేళ దాకా మంచి గడియలున్నాయని పంతులుగారు చెబితే, నేనూ మా ఆవిడా కుంకుమభరిణె పట్టుకుని రోలుగుంట బస్సెక్కాం. అత్త రాకపోతే ఆ రోకలి నేను ఎవరి చేతికిస్తాను? ఇచ్చినా, ఆ పసుపు నా కూతురి ఒంటికి ఎలా రాస్తాను? దారంతా ఇదే.

అత్త అరుగు మీద బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి కూడా చేట ఆపలేదు.

"ఎవులింటికొచ్చేరు బాబూ? దారి తప్పేరేటి?"

బాబూ అనడంతోనే సగం ప్రాణం పోయింది. నన్ను ఏనాడూ ఒరే అని తప్ప పిలవని మనిషి. కాళ్లకు దణ్ణం పెట్టి, దాచకుండా జరిగిందంతా చెప్పాను. తీగ సంగతి, బొమ్మల సంగతి, చెత్తబుట్ట సంగతి.

"అయితే మీ ఇంట్ల రెండు మిసన్లున్నాయి" అంది.

"ఉన్నాయత్తా."

"రెండిట్లోనూ నాను లేను."

"ఉన్నావత్తా. మొదటి పేరు నీదే. నేనే చెరిపేసేను."

"రెండుమాట్లా?"

"రెండుమాట్లూ."

చేట ఆగింది. "సరే. మిసన్లు మరిసిపోనాయి. మరి నువ్వు? నువ్వూ మిసనువేనేట్రా?"

ఆవిడ చేట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, "మా ఇంట్ల ఎంతమందిమి? పేర్లు సెప్పు. కాయితం తియ్యకు" అంది. నిలబడి చెప్పడం మొదలుపెట్టాను, హైస్కూల్లో పద్యం అప్పజెప్పినట్టు. మావయ్య, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, అత్తారింటనున్న కూతురు, అల్లుడు, మనవలు వరసగా. అందరికంటే చిన్నది, ఉయ్యాల్లోని మనవరాలి దగ్గర ఆగిపోయాను. బారసాలకు వచ్చి భోంచేసి వెళ్లానే గాని పేరు తట్టదు. వెనకనుంచి మా ఆవిడ మెల్లగా అందించబోతే, "నువ్వు సెప్పకమ్మా, ఆణ్ని సెప్పనీ" అంది అత్త. చెప్పలేకపోయాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పుడావిడే ఆ పిల్ల పేరు చెప్పి, నా చేత మూడుసార్లు అనిపించి, "ఇప్పుడెట్టవే బొట్టు" అని మా ఆవిడ ముందు నుదురు చూపింది. తర్వాత ఇంట్లోకి తిరిగి, "ఒలే, నా జరీ కోక తియ్యండి, రోలు కాడ అందరూ కాసుకున్నారంట" అని కేకేసింది. సాయంత్రం బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, దీపాలు పెట్టే వేళకు మా అత్త ముందు రోకలి పట్టింది.

ఆవిడ పోయి ఎనిమిదేళ్లయింది. పోయిన నెల వాళ్లింట్లో మనవడి పెళ్లికి పిలుపు నా ఫోనులోకే వచ్చింది. మంచి రంగుల శుభలేఖ, సన్నాయి కూడా మోగింది. చుట్టాలందరి పేర్లూ ఉన్న గుంపులో ఒక్కసారి వేసేశారట, ఒక్కరూ తప్పిపోలేదు. ఈ తరంవాళ్లను తప్పుపట్టను, నేను చేసిన నిర్వాకం వాళ్లెవరూ చేయలేదు కదా. ఆ శుభలేఖలో నా పేరు పెట్టి పిలిచిన మాట ఎక్కడైనా ఉందేమోనని మాత్రం కాసేపు పైకీ కిందికీ జరిపి చూశాను. ఉంటుందా?

అయినా ఇద్దరం వెళ్లాం. బస్సు ఆలస్యమై, తలంబ్రాలయ్యాక చేరాం. అరుగు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాను. ఇంత ఆలస్యం చేశావేట్రా అని తిట్టేవాళ్లెవరూ కనబడలేదు. చెప్పులు విడిచి, తిన్నగా లోపలికి వెళ్లిపోయాను.