గోడ మీద రోకటి పాట

నా చిన్నప్పుడు, పదకొండేళ్ళ వయసులో, మేము న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా కింద ఫ్లాట్‌లో నల్లజాతి పెద్దాయన ఒకరు ఒంటరిగా ఉండేవారు. ట్రంపెట్ వాయించేవారు. స్కూల్ బస్ దిగాక, అమ్మానాన్నలు వచ్చేదాకా ఆయన గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. ఇంట్లో చెప్పలేదు. వాళ్ళతో మనకెందుకు అనేవారు నాన్న.

ఆయన వయసులో ఉండగా పశ్చిమ ఆఫ్రికాకి వెళ్ళారట. అమెరికా నుంచి, కరీబియన్ దీవుల నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన నల్లజాతి కళాకారులంతా అక్కడొక ఉత్సవంలో కలుసుకున్నారట. ఒకరి భాష ఒకరికి రాదు. ఒక ఊళ్ళో ఆడవాళ్ళు రోకళ్ళతో జొన్నలు దంచుతూ పాడుతుంటే ఆయన కాళ్ళు కదల్లేదట. అమెరికాలోని జార్జియాలో ఆయన నాయనమ్మ మొక్కజొన్న దంచుతూ పాడిన దరువే అది. ఆయన ట్రంపెట్ అందుకుంటే, ఒక ముసలామె రోకలి పక్కన పెట్టి, ఆయన ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చిందట. స్నేహితుడొకరు అదంతా చిన్న సినిమా కెమెరాతో తీశారు.

“మావాళ్ళని ఓడల్లో తెచ్చినప్పుడు పేర్లు పోయాయి, మాట పోయింది. దరువు మాత్రం పోలేదు” అన్నారాయన నాతో.

ఒక శనివారం ఆ రీలును మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్ హాల్లో వేస్తానని అందరి తలుపుల కిందా చీటీలు పెట్టారు. సూట్ వేసుకుని కుర్చీలన్నీ ఆయనే సర్దారు. వెళ్ళింది నేనొక్కదాన్నే. చాలాసేపు గుమ్మం వైపు చూసి, చివరికి లైట్లు ఆర్పి నా కోసమే ప్రొజెక్టర్ మొదలుపెట్టారు. గోడ మీద రోకళ్ళు లేచి పడుతున్నాయి. అంతలో, సాయంత్రం బర్త్‌డే పార్టీకి హాలు చూసుకోవడానికి నాన్న ఇద్దరు అంకుల్స్‌తో వచ్చి లైట్లు వేశారు. గోడ తెల్లగా అయిపోయింది.

“ఇక్కడేం చేస్తున్నావ్? ఈయన నీకు తెలుసా?”

“నో డాడీ. ఐ డోంట్ నో హిమ్.”

భయంలో ఇంగ్లిష్‌లోనే, ఆయనకీ అర్థమయ్యేలా వచ్చేసింది.

ఆయన ప్రొజెక్టర్ పక్కనుంచి లేచారు. “నిజమే సార్. తలుపు తీసి ఉంటే చూసి వచ్చినట్టుంది. ఈ పాప ఎవరో నాకు తెలీదు” అన్నారు నాన్నతో. ప్రొజెక్టర్ ఆపి, రీలు చుట్టుకుంటూ నా వైపు చూడలేదు. చూస్తే నేను ఏడుస్తానని తెలుసు కాబోలు.

సారీ చెప్పాలని రోజూ ఆయన గుమ్మందాకా వెళ్ళేదాన్ని. బెల్ కొట్టడానికి చెయ్యి లేచేది కాదు. రెండు వారాల తర్వాత బస్ దిగేసరికి ఆయన కూతురు సామాన్లు ట్రక్కులోకి ఎక్కిస్తోంది. ఆయన ఆస్పత్రిలో పోయారట. నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆమె పాపం కారణం తెలియకుండానే నా వీపు నిమిరింది.

ఆ రాత్రే నాన్నకి అంతా చెప్పేశాను. “ఆరోజు నిజం చెప్పినా తిట్టేవాణ్ణే అమ్మా” అన్నారు నాన్న, తల వంచుకుని.

ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు. భయపడి వాళ్ళు అబద్ధం చెబితే, నలుగురిలో నిలదియ్యాలని నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. అందరూ వెళ్ళాక పక్కన కూర్చుంటాను. వాళ్ళు సారీ అంటారు, దగ్గరికి తీసుకుంటాను. నేను చెప్పాల్సిన సారీ మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.