పంపు మోగిందా

ఎవాల్డ్ బుర్‌స్ట్రోమ్ షెడ్డులో కరెంటు చూసే టెస్ట్ లైటు ఉండేది కాదు, మీటరూ ఉండేది కాదు. ఎవరైనా అడిగితే తన కుడిచెవి పట్టుకుని చూపించేవాడు. ఉత్తర స్వీడన్ అడవుల మధ్య గ్రాన్‌లిడెన్ అనే ఊరికి ముప్పైయెనిమిదేళ్ళుగా అతనొక్కడే మెకానిక్. సెల్ఫ్ కొడితే తిరుగుతూ, ఎంతకీ అందుకోని పాత కారు ఎవరింట్లో ఉన్నా అతనికే కబురొచ్చేది. వెళ్ళి, వెనక సీటు మీద బోర్లా పడుకుని చెవి ఆనించి, తాళం తిప్పమనేవాడు. సీటు కింది ట్యాంకులోని పెట్రోలు పంపు ఒకటి రెండు సెకన్లు తుమ్మెదలా మోగి ఆగిందంటే పెట్రోలు అందుతున్నట్టు. అప్పుడు ప్లగ్గులకు కరెంటు వస్తోందో లేదో చూసేవాడు. పంపు మోగలేదంటే ఇంకేమీ చూడక్కర్లేదు. ఆ పద్ధతి అతన్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు.

భార్య పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. షెడ్డుకు వచ్చేవాళ్ళూ అంతంతమాత్రమే. అరగంట కూర్చుని కాఫీ తాగి, "మంచు పడేలా ఉంది" అని లేచి వెళ్ళిపోతే బాగా కబుర్లాడినట్టే లెక్క. ఇక 'అవును' అనడానికైతే అక్కడివాళ్ళు గొంతే వాడరు. పెదాలు సున్నాలా చుట్టి గాలి చటుక్కున లోపలికి పీలుస్తారు, అంతే. దక్షిణ స్వీడన్ నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు ఒక ముసలమ్మకి ఊపిరందడం లేదనుకుని మంచినీళ్ళ కోసం పరిగెత్తాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. అలాంటి ఊళ్ళో ఒక మనిషికి చెవి కొద్దికొద్దిగా మందగిస్తే ఎలా తెలుస్తుంది? ఎవాల్డ్‌కే తెలియలేదు. రేడియో పాతబడిందనుకున్నాడు. ఈమధ్య అడవిలో పిట్టలు తగ్గాయనుకున్నాడు.

నవంబరులో ఒక బుధవారం పొద్దున గున్‌వోర్ మార్క్‌లుండ్ మంచు మీద జారే స్లెడ్జి బండి తోసుకుంటూ షెడ్డు ముందుకొచ్చి ఆగింది. సరస్సు అవతల ఒంటరిగా ఉంటుంది. ఎవాల్డ్‌తో ఒకే బళ్ళో చదువుకున్న మనిషి.

"కారు తిరుగుతోంది ఎవాల్డూ, అందుకోవడం లేదు."

"బ్యాటరీ అయిపోయేదాకా తిప్పావా?"

"అంత తెలివితక్కువదాన్ని కాదు."

"నువ్వు కాదులే. నీ కారు సంగతే నాకు అనుమానం."

ఆమె నవ్వలేదు. ఆమె అన్నయ్య సిక్స్‌టెన్‌ని ఆవేళ ఆసుపత్రి నుంచి తీసుకురావాలి. ఊపిరితిత్తుల జబ్బు. తీరంలోని పట్నంలో రెండు నెలలుగా ఉన్నాడు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళవచ్చని డాక్టర్లు చెప్పారు. సరస్సు పూర్తిగా గడ్డకట్టకముందు ఒకసారి చూడాలని అతని కోరిక. "ఇక్కడి గంజి గోడకి కాగితాలు అతికించడానికి పనికొస్తుంది. తొందరగా వచ్చి నన్ను తీసుకుపో" అన్నాడట ఫోనులో. బస్సులో కూర్చోలేడు. కారులో ముందు సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టాలి.

ఎవాల్డ్ వెంటనే బయల్దేరాడు. గున్‌వోర్ వాకిట్లో కారు వెనక సీటు మీద పడుకుని చెవి ఆనించాడు.

"తిప్పు."

ఆమె తాళం తిప్పింది. అతనికి ఏ మోతా తెలియలేదు. మళ్ళీ తిప్పమన్నాడు. మొహం సీటులో ఉండగానే అడిగాడు.

"పంపు మోగిందా?"

జవాబు రాలేదు. కాసేపాగి లేచి కూర్చున్నాడు. ఫ్యూజు విప్పి వెలుతురులో చూశాడు, బాగానే ఉంది.

"పంపు పోయింది. పట్నం నుంచి రేపటి బస్సులో తెప్పిస్తాను."

గున్‌వోర్ కారు దిగింది. "ఖాయంగా పంపేనా?"

"ముప్పైయెనిమిదేళ్ళుగా వింటున్న చెవి ఇది."

ఆమె చేతితొడుగు లాక్కుంది, వదిలింది, మళ్ళీ లాక్కుంది. "కొట్టు నడిపే బీర్యెర్‌ని కారడిగితేనో?"

"ఒక్క రోజుకి వాళ్ళని ఎందుకు ఇబ్బంది పెట్టడం? రేపు మధ్యాహ్నం నీ కారులోనే వెళ్దువుగాని."

ఇంకొకరిని ఇబ్బంది పెట్టడమంటే ఆ ఊళ్ళో అందరికీ భయమే. ఆమె లోపలికెళ్ళి, రేపు వస్తానని ఆసుపత్రికి ఫోను చేసింది.

మర్నాడు పదకొండింటికి బస్సు డ్రైవరు అట్టపెట్టె ఇచ్చి వెళ్ళాడు. ఎవాల్డ్ వెనక తలుపు దగ్గర మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, సీటు ఎత్తి పాత పంపు విప్పి కొత్తది బిగించేసరికి రెండయింది. వేళ్ళు కొయ్యబారిపోయాయి. తాళం తిప్పమన్నాడు. ఇంజను నిన్నటిలాగే తిరిగింది, అందుకోలేదు.

"కొత్త పంపు కూడా మోగడం లేదేమిటి?"

"మోగుతోంది" అంది గున్‌వోర్, వెనక్కి తిరిగి.

"ఏమిటీ?"

"మోగుతోంది ఎవాల్డూ. నిన్న పాతదీ మోగింది."

"మరి నిన్న అడిగితే చెప్పలేదేం?"

"చెప్పాను."

అతను తలెత్తి చూశాడు. ఆమె మళ్ళీ చెప్పింది. పెదాలు సున్నాలా చుట్టుకోవడం, ఛాతీ కొంచెం లేవడం కనిపించాయి. చప్పుడు మాత్రం లేదు. మూడడుగుల దూరంలో కూర్చున్న మనిషి 'అవును' అంటోంది, అతనికి వినబడలేదు.

"పంపు పోయిందన్నప్పుడైనా అనవలసింది" అన్నాడు మెల్లగా.

"మోత సరిగ్గా లేదేమో, నీకే తెలుస్తుంది అనుకున్నాను."

ఎవాల్డ్ కొత్త పంపు మూత మీద అరచెయ్యి ఆనించి ఇంకోసారి తిప్పమన్నాడు. చేతికింద సన్నగా వణికింది. ముందుకెళ్ళి బానెట్ ఎత్తి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత విప్పాడు. లోపలి రోటరు మీద వెంట్రుకంత పగులు, దాని పొడుగునా నల్లటి గీత. ప్లగ్గులకు చేరాల్సిన కరెంటు అందులోంచి పక్కకి పోతోంది. అలాంటి రోటర్లు షెడ్డులో డబ్బా నిండా ఉన్నాయి. వెళ్ళి తెచ్చి మార్చడానికి పావుగంట పట్టింది. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

అక్కడ నవంబరులో మూడింటికే చీకటి; అప్పటికే మసకబడుతోంది. గున్‌వోర్ దుప్పట్లు, దిండు వేసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె కారు షెడ్డు ముందు ఆగింది. తలుపు దగ్గర నిలబడ్డ ఎవాల్డ్‌కి కారు లోపలంతా కనిపిస్తోంది. ముందు సీటు వెనక్కి వాల్చే ఉంది. దాని మీద మనిషి లేడు. మడతపెట్టిన దుప్పట్లు, ఒక సంచి, ఒక జత బూట్లు ఉన్నాయి.

గున్‌వోర్ దిగి అతని మొహానికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నిన్న ఒంటిగంటా పావుకి పోయాడు" అంది.

ఆ సమయానికి ఎవాల్డ్ ఆ కారు దగ్గరే మోకాళ్ళ మీద పంపు బిగిస్తున్నాడు.

"నీకోసం అడిగాడా?"

"పొద్దున మంచం కిటికీ వైపు తిప్పించుకున్నాడట. కార్లు వచ్చే దారి కనిపిస్తుందని."

"నాకు వినబడలేదు గున్‌వోర్. బుధవారం పావుగంటలో అయిపోయే పని అది."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నీకు వినబడదని. వేసవి ముందు నుంచే తెలుసు. చర్చిలో పాట ఆగిపోయాక కూడా నువ్వొక్కడివే పాడుతూ ఉన్నావు. బీర్యెర్‌కి తెలుసు, పాస్టరుకి తెలుసు. ఊరందరికీ తెలుసు."

"ఒక్కళ్ళూ చెప్పలేదే."

"ఎలా చెప్తాం? నీ చెవి మీదే కదా నువ్వు బతికింది. బుధవారం నేను నోరు తెరిచి గట్టిగా అనవలసింది. నువ్వు చిన్నబుచ్చుకుంటావేమోనని ఊరుకున్నాను. అన్నయ్య ఇంటికి రావడం కంటే నాకది ఎక్కువైపోయింది."

అది నీ తప్పు కాదని అతను అనబోయాడు. అంటే అబద్ధమవుతుంది. అంతా నీదేనని ఆమె కూడా అనలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, తనకు తెలిసిన మాట ఒక్కటే కాబట్టి, ఎవాల్డ్ కారు వైపు తల ఊపి అడిగాడు.

"ఇప్పుడు ఇంజను సమంగా తిరుగుతోందా?"

గున్‌వోర్ అతని చెయ్యి పట్టుకుంది. ఈసారి అతనికి వినబడేటంత గట్టిగా చెప్పింది.

"దిగేటప్పుడే ఆపేశాను ఎవాల్డూ."