అత్తయ్య చెవిన పడని కారు

చనిపోయిన రోజు మధ్యాహ్నం మా మేనత్త చేసిన ఆఖరి పని, నా చేత ఫ్యాను ఆపించడం. వీధి కిటికీ పక్కన మంచం మీద పడుకుని, "ఏదో బండి వస్తోందిరా, కాస్త విననీ," అంది. అది పాల వ్యాను. "ఇది కాదులే," అని అటు తిరిగి పడుకుంది.

యుద్ధం రోజుల్లో అత్తయ్య ఉద్యోగమే వినడం. నీళ్ల ట్యాంకు మీద కళ్లు మూసుకుని కూర్చునేది, పక్కన టెలిఫోను. మబ్బుల పైన విమానం మోత వినపడగానే మనదో కాదో చెప్పాలి. "వాళ్ల బాంబర్లు గుటకలు వేస్తూ వస్తాయిరా. మనవి ఒకటే ఊపిరి," అనేది. మూడేళ్లలో ఒక్కసారీ పొరబడలేదట.

యుద్ధం అయిపోయిన నాలుగేళ్లకి మామయ్యను కాల్చేశారు. ఆయన మార్కెట్లో కాటా గుమాస్తా. ఆ మార్కెట్ కోసం రెండు ముఠాలు కొట్టుకు చస్తుంటే, ఈయన ఎవరికీ దొంగతూకం వెయ్యనన్నాడు. తెల్లవారుజామున గుమ్మం దిగుతుండగా కారులోంచి కాల్చారు. అత్తయ్య పరుగున వచ్చేసరికి కారు మలుపు తిరిగింది. ఆమె దాన్ని చూడలేదు, విన్నది.

"ఒక సిలిండరు కొట్టుకుంటోంది. కుంటివాడు మెట్లెక్కుతున్నట్టుంది. మళ్లీ వింటే పట్టేస్తాను," అంది పోలీసులతో.

"కారు గొంతుకి బేడీలు వెయ్యలేం తల్లీ," అన్నాడట ఇన్‌స్పెక్టరు. చూసినవాళ్లు నోరు మెదపలేదు. కేసు మూలపడింది.

అత్తయ్య మాత్రం యాభై ఏళ్లు వింటూనే ఉంది. వెనక గదిలో గాలి బాగా వస్తుంది, అక్కడ పడుకోమంటే, "ఆ గాలేదో నువ్వే పీల్చుకో," అనేది. ఓసారి ఉండబట్టలేక అడిగాను, "ఇంకా మామయ్య కోసం చూస్తున్నావా?" అని.

"ఆయనెలాగూ రాడు. ఆ కారైనా రావాలిగా," అంది.

ఆమె పోయిన నెలకి, వెనక వీధి మెకానిక్ తాత పలకరించడానికి వచ్చాడు. మాటల్లో ఆ కారు సంగతి చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మలుపు దాటగానే ఆగిపోయింది బాబూ అది. ముఠావాళ్లు మా షెడ్డుదాకా తోసుకొచ్చారు. ఆ రోజే ముక్కలు చేసి పాత ఇనుములో కలిపెయ్యమన్నారు. ప్రాణభయం, చేశాం. ఆవిడ దానికోసం చెవొగ్గి కూర్చున్నారని నాకేం తెలుసు?"

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఇంకో మాట చెప్పాడు. ఆ పొద్దున, ఇంట్లో శవం ఉంది, సుత్తి చప్పుడు కాసేపు ఆపండి అని అత్తయ్య షెడ్డుకి కబురు పంపిందట. శవాన్ని తీసుకెళ్లేదాకా ఆపారట.